ఏటవాలు చూపు

పలచటి పొరను ఎక్స్‌రేలతో ఎలా చూస్తారని నంద్యాలలో పిల్లలెవరైనా అడిగితే, ముందు ఆళ్లగడ్డ శిల్పుల దగ్గరికి వెళ్లి రమ్మంటాను. నల్లరాయికి నునుపు పెట్టాక శిల్పి దాన్ని ఎదురుగా నిలబడి చూడడు. వెలుతురు పక్కనుంచి పడేట్టు తిప్పి, కంటిని రాతి మట్టానికి దించుతాడు. అప్పటిదాకా దాగిన ఉలిగీత నీడతో సహా బయటపడుతుంది.

మా పనీ అదే. పొర మందం 200 నానోమీటర్లే అయితే, మామూలు స్కాన్‌లో కిరణం దాన్ని ఇట్టే దాటేసి అడుగున ఉన్న గాజులోకి దిగిపోతుంది. గ్రాఫు నిండా గాజు సంగతే. అందుకే కిరణాన్ని ఉపరితలానికి ఒక్క డిగ్రీ వాలులో ఉంచి, డిటెక్టర్‌ను మాత్రమే తిప్పుతాం. ఆ వాలులో కిరణం పొర లోపల నడిచే దూరం మందానికి 57 రెట్లు.

కోణం ఇంకా తగ్గించి 0.2 డిగ్రీల దాకా తెస్తే, గాజు మీద కిరణం లోపలికి దిగకుండా పూర్తిగా పరావర్తనమవుతుంది. 1923లో కాంప్టన్ చూపించిన విషయమిది. కోణాన్ని ఆ హద్దు దాటి కొద్దికొద్దిగా పెంచుతూ పోతే పరావర్తనంలో హెచ్చుతగ్గులు వస్తాయి, వాటి ఎడాన్నిబట్టి పొర మందం తెలుస్తుంది. 1931లో కీసిగ్ వాటిని గమనించాడు. ఇలా కొలిచే పొరకు ఉదాహరణ సోలార్ ప్యానెల్. మన గని, శకునాల వైపు 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది కదా. సిలికాన్ ప్యానెళ్ల నీలి రంగు సుమారు 75 నానోమీటర్ల సిలికాన్ నైట్రైడ్ పొర చలవే. అందులో పరమాణువులకు వరస లేదు కాబట్టి వివర్తనంలో, అంటే పైన చెప్పిన స్కాన్‌లలో, శిఖరాలు రావు. అదే పొరను నున్నటి సిలికాన్ పలక మీద వేసి, పరావర్తనంతోనే మందం కొలుస్తారు.

జింక్ ఆక్సైడ్ పొరతో మాత్రం జాగ్రత్త. దాని స్ఫటికాలు తరచూ ఒకే దిక్కుకు, నిటారుగా పెరుగుతాయి. మామూలు స్కాన్‌లో 34.4 డిగ్రీల దగ్గర గొప్ప శిఖరం లేస్తుంది. ఏటవాలు స్కాన్‌లో అదే కుంగిపోతుంది, ఒక్కోసారి కనిపించనే కనిపించదు. అక్కడ మనకు అందేవి ఉపరితలానికి 16 డిగ్రీలు వాలిన తలాలు. ఆ పొరలో అలాంటివి తక్కువ. శిఖరం రాలేదని మంచి నమూనాను పారేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. రెండు స్కాన్‌లూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

గ్రాఫు కింద పతన కోణం రాయని రిపోర్టును నేను తిప్పి పంపేస్తాను. అర డిగ్రీయో, ఒక డిగ్రీయో తెలియకపోతే ఆ శిఖరం ఎంత లోతునుంచి వచ్చిందో చెప్పలేం.