ఆడ బంటింగ్‌ల పేచీ

చలికాలంలో సోలాపూర్, కలబురగి వైపు జొన్న చేలలో కంకుల మీద మూకుమ్మడిగా వాలే పసుపుపచ్చ పిట్టలు రైతుకు కంటగింపు, పిట్టల్ని చూసే మాకు పండగ. ఆ గుంపుల్లో నల్లతల బంటింగ్, ఎర్రతల బంటింగ్ కలిసి ఉండొచ్చు.

మగవాటితో పేచీ లేదు. ఒకదానికి తలంతా నల్లటి కుళ్ళాయి, వీపు ఇటుకరంగు. రెండోదానికి తల, గొంతు, రొమ్ము ఇటుకరంగు, వీపు మీద ఆకుపచ్చ ఛాయ. చలికాలంలో ఈకల అంచులు లేతగా ఉండి ఆ రంగుల్ని కాస్త కప్పేస్తాయి. అంచులు అరిగేకొద్దీ అసలు రంగు బయటపడుతుంది. వాటిని చూడాలంటే మార్చికి మించిన నెల లేదు.

అసలు పరీక్ష ఆడవాటితో. రెండూ మట్టిరంగే, రెండింటికీ తోక కింద పసుపే. చాలా బంటింగ్‌లకు తోక పక్కల తెల్ల ఈకలుంటాయి, వీటికి అదీ లేదు. వీపు మీద, తోక మొదట్లో ఎరుపు జీర ఉంటే నల్లతలది కావచ్చు. అక్కడ ఆకుపచ్చ కలిసిన పసుపుంటే ఎర్రతలది కావచ్చు. ఈ 'కావచ్చు'ను చెరిపేసే తొందర మాలో చాలామందికి ఉంది. నాకది నచ్చదు.

ఎందుకంటే పిట్టలే ఈ రెండు జాతుల మధ్య గీతను గట్టిగా పాటించవు. నల్లతలది ఇటలీ, బాల్కన్ల నుంచి ఇరాన్ దాకా గూడు కడుతుంది (అంత పడమటి పిట్ట ఆఫ్రికా వైపు పోకుండా తూర్పుకు తిరిగి మన చేలకు రావడం నాకిప్పటికీ వింతే). ఎర్రతలది మధ్య ఆసియాది. కాస్పియన్ సముద్రానికి ఆగ్నేయంగా, ఉత్తర ఇరాన్‌లో రెండూ ఎదురుపడి జతకడతాయి, సంకర పిల్లలూ పుడతాయి. రెండూ ఒకే జాతి అన్న పండితులూ ఉన్నారు.

అందుకే, మేం చూసిన పిట్టల్ని నమోదు చేసే ఈబర్డ్ జాబితాలో 'నల్లతల లేదా ఎర్రతల' అని ఒక గడి ఉంది. ఆడవాటి విషయంలో నేను ఎక్కువగా నింపేది దాన్నే. దాన్ని ఓటమి అనుకునే మిత్రులు ఫొటో పంపి "ఇప్పుడైనా తేల్చండి సార్" అంటారు. తోక మొదలు కనిపించేది ఇంకోటుందా అని అడుగుతాను. సాధారణంగా ఉండదు.