గోడ చాటున తుంగభద్ర, నీళ్ల కింద ఏలేశ్వరం

అలంపురంలో బాలబ్రహ్మ గుడి ఆవరణలో నిలబడితే తుంగభద్ర కనబడదు. పక్కనే ఉంది, గాలిలో తడి తెలుస్తూనే ఉంటుంది, కానీ మధ్యలో గోడ. మెట్లెక్కి ఆ గోడ మీదికి చేరితే తప్ప నది ఎటు పోతున్నదో తెలియదు. ఏలేశ్వరంలో కథ తలకిందులు. అక్కడ నది తప్ప మరేమీ కనబడదు. ఊరూ రేవూ గుళ్లూ నాగార్జునసాగర్ జలాశయం అడుగున ఉన్నాయి. నీటి పైన మిగిలింది ఒక గట్టూ, దాని మీద మల్లన్నా.

మొదటిది పాత మహబూబ్‌నగర్ జిల్లా దక్షిణపు కొస, రెండోది పాత నల్లగొండ జిల్లా దక్షిణపు కొస. రెండూ నది పెంచిన ఊళ్లే, రెండూ శైవ మఠాలు కాపురమున్న ఊళ్లే. ఒకే శతాబ్దంలో రెండింటి మీదికీ ఆనకట్ట నీళ్లు వచ్చాయి. అలంపురం దక్కింది, ఏలేశ్వరం పోయింది అని అందరం తేలిగ్గా లెక్క తేల్చేసుకున్నాం. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసిన కొద్దీ ఆ లెక్క మీద నాకు నమ్మకం తగ్గింది.

ఈ రెండు ఊళ్లనూ కలిపి చూడమన్నది నేను కాదు, శ్రీశైలమే. శ్రీశైల క్షేత్రానికి నాలుగు ద్వారాలు, నాలుగు ఉపద్వారాలు అని సంప్రదాయం. పడమటి ద్వారం అలంపురం, ఈశాన్యపు ఉపద్వారం ఏలేశ్వరం. నల్లమల చుట్టూ ఉన్న ఈ ఊళ్లన్నీ ఒకే దేవుడి ఇంటికి వాకిళ్లన్నమాట. వాకిలి అంటే నడిచి వచ్చేవాడు ఆగే చోటు. వచ్చినవాడు నది దాటాలి, స్నానం చెయ్యాలి, ఒక పూట తిని పడుకోవాలి. రేవు, మఠం, గుడి, ఈ మూడూ ఆ అవసరంలో నుంచే పుట్టాయి. అలంపురం దగ్గర తుంగభద్ర ఉత్తరవాహిని అని పూజారులు గొప్పగా చెబుతారు. నది ఉత్తరానికి తిరిగిన చోట మునిగితే పుణ్యం అన్న నమ్మకమే ఆ ఊరికి మొదటి పెట్టుబడి.

అలంపురం మీద బాదామి చాళుక్యుల ముద్ర అందరికీ తెలిసిందే. ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో లేచిన తొమ్మిది గుళ్లు, పేరుకు బ్రహ్మలు, లోపల ఉన్నది లింగాలు. తారకబ్రహ్మ ఒక్కటి దక్షిణాది పద్ధతిలో అంతస్తులుగా ఎదిగితే, మిగిలినవి ఉత్తరాది రేఖానాగర శిఖరాలతో నిలబడ్డాయి. తెలుగు నేల మీద ఇంతటి ఉత్తరాది శిల్పం ఒక్కచోట మరెక్కడా గుంపుగా కనబడదు. స్వర్గబ్రహ్మ గోడల మీది దిక్పాలకుల ముందు ఎంతసేపు నిలబడ్డా తనివి తీరదు. కానీ నా దృష్టి ఆ శిల్పాల కన్నా ఒక శాసనం మీద ఆగింది. చాళుక్య విజయాదిత్యుడి కాలంలో, 713లో, రాజాజ్ఞతో ఈశానాచార్యస్వామి అనే శైవాచార్యుడు ఇక్కడ ప్రాకారబంధం కట్టించాడని అది చెబుతుంది. రాజు ఆజ్ఞ ఇచ్చాడు, పని చేయించింది సన్యాసి. పదమూడు వందల ఏళ్ల కిందట అలంపురంలో గోడ కట్టించినవాడు ఒక మఠాధిపతి అన్న సంగతి గుర్తుంచుకోండి. తర్వాతి గోడ దగ్గరకు వచ్చినప్పుడు ఇది పనికొస్తుంది.

కళ్యాణి చాళుక్యుల కాలానికి అలంపురం కాలాముఖులనే శైవ శాఖ చేతిలో ఉంది. అప్పటి శాసనాలు గుడికి భూములు రాసిచ్చాయి, మఠంలో తపసులకూ చదువుకునే పిల్లలకూ అన్నం పెట్టమన్నాయి. కాలాముఖులు అనగానే కపాలాలు, శ్మశానాలు గుర్తొచ్చే మనకు, శాసనాల్లో కనిపించే కాలాముఖుడు ఎక్కువగా ఉపాధ్యాయుడు, దేవస్థానం లెక్కలు చూసే పెద్దమనిషి.

ఏలేశ్వరం మఠం వేరే శాఖ. గోళకీ మఠం పుట్టింది మధ్యభారతంలో, పేరుకెక్కింది తెలుగు నేలలో. రుద్రమదేవి కాలపు 1261 నాటి మల్కాపురం శాసనం ఆ మఠాచార్యుడు విశ్వేశ్వర శివాచార్యుడి చరిత్రను విప్పి చెబుతుంది. ఇప్పుడు అమరావతి రాజధాని ప్రాంతంలో ఉన్న మందడంలో ఆయన మఠం, సత్రం, విద్యాలయం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడిపించాడు. అదే శాసనం ఆయన ఏలేశ్వరంలోనూ మఠం కట్టించాడంటుంది. ఒక రాజుకు దీక్షాగురువు, కాకతీయ రాజ్యంలోకెల్లా పలుకుబడి ఉన్న సన్యాసి, కృష్ణ ఒడ్డున ఈ ఊరిని ఎంచుకున్నాడంటే అది మారుమూల పల్లె కాదు. నల్లమల దారిలో నది దాటించే ఊరు. ఈ రోజు ఏలేశ్వరం పేరు చెబితే నల్లగొండలో చాలామందికి శివరాత్రి లాంచీలు తప్ప ఇంకేమీ గుర్తు రావు.

రెండు ఊళ్లలోనూ మఠాలే ఊరికి ప్రాణం. మనకు మిగిలినవి మాత్రం గుళ్లు. ఏలేశ్వరానికి ఎదురొడ్డున, అదే కృష్ణ మీద, మూడు నాలుగు శతాబ్దాల నాగార్జునకొండ విహారాలు దీనికి సరిగ్గా ఎదురు సాక్ష్యం. అక్కడ ఇటుక పునాదులు చూసి భిక్షువు ఏ గదిలో పడుకున్నాడో, ఎక్కడ కూర్చుని తిన్నాడో చెప్పవచ్చు. బౌద్ధుడు తన నివాసాన్నే పవిత్రస్థలంగా కట్టుకున్నాడు. శైవాచార్యుడు రాయినంతా దేవుడికి ఇచ్చి తాను శాసనాల్లో పేరుగా మిగిలాడు. కనుక బౌద్ధ మఠాన్ని నేలలో వెతకాలి, శైవ మఠాన్ని రాతలో వెతకాలి. అలంపురం వెళ్లి శిఖరాలు చూసి వచ్చేవాళ్లు ఊరిలో సగమే చూసి వస్తున్నారని నేననేది అందుకే. మిగతా సగం మ్యూజియంలో నిలబెట్టిన రాళ్ల మీది అక్షరాల్లో ఉంది, దాన్ని చదివేవాళ్లు తక్కువ.

ఇక నీళ్లు వచ్చాయి. నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. ఆ రోజుకు కృష్ణకు ఈ ఒడ్డు హైదరాబాద్ రాష్ట్రం, ఆ ఒడ్డు ఆంధ్ర రాష్ట్రం. నాగార్జునకొండ కోసం ప్రపంచం కదిలింది. 1954 నుంచి 1960 దాకా విస్తారంగా తవ్వకాలు సాగాయి, తొమ్మిది కట్టడాలను కొండ మీదికి తరలించారు, స్నానఘట్టాన్ని కూడా రాయి రాయిగా తెచ్చి పేర్చారు. మునిగే కొండే దీవి అయింది, దీవి మీద మ్యూజియం వెలిసింది. ఏలేశ్వరం వంతుకు తవ్వకం వచ్చింది. అబ్దుల్ వహీద్ ఖాన్ ఆధ్వర్యంలో జరిగిన ఆ పని 1963లో ఒక మోనోగ్రాఫ్‌గా అచ్చయింది. బృహత్ శిలాయుగపు సమాధుల నుంచి కాకతీయుల దాకా ఒకే చోట పొరలు పొరలుగా దొరికాయి. తర్వాత జలాశయం నిండింది. ఒక ఊరికి దీవి, ఎదురూరికి పుస్తకం.

ఈ తేడాకు బౌద్ధానికి ఉన్న అంతర్జాతీయ గౌరవం ఒక కారణం, సందేహం లేదు. కానీ అదొక్కటే కాదు. ఊరి తరఫున మాట్లాడే నోరు ఒకటి ఉండాలి. అలంపురానికి గడియారం రామకృష్ణశర్మ ఉన్నాడు. శాసనాలు చదివినవాడు, ఊరి రాళ్లన్నీ పేరుపేరునా తెలిసినవాడు. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలను ఈ మూలకు రప్పించి సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను పిలిచినవాడు. ఆయన ఆత్మకథ ‘శతపత్రము’కు 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చేనాటికి ఆయన లేడు. 1956 దాకా రాయచూరు జిల్లాలో ఉండి తర్వాత మహబూబ్‌నగర్‌లో చేరిన ఊరు, అటు కన్నడానికీ ఇటు తెలుగుకూ అంచున ఉన్న ఊరు, ఒక పండితుడి పట్టుదల వల్ల పటంలో నిలిచింది. ఏలేశ్వరానికి అలాంటి గొంతు లేకపోయింది. తవ్వినవాడు రాశాడు, కానీ తవ్వినవాడు ఊరివాడు కాడు. (పురావస్తు నివేదికకూ ఆత్మకథకూ ఉన్న దూరం ఈ రెండు ఊళ్ల మధ్య దూరం కన్నా ఎక్కువేమో.)

అలంపురం మీదికి వచ్చినవి శ్రీశైలం ఆనకట్ట నీళ్లు. ఆ జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. ఆ నీళ్లు వెనక్కి తన్నితే తుంగభద్ర మీద అలంపురం దాకా ముప్పే. ఇక్కడ రెండు రకాల మందులు వాడారు. అలంపురానికి నది పొడుగునా గోడ. పాపనాశిలోని ఇరవైకి పైగా చిన్న గుళ్లకు తరలింపు, ఒడ్డు నుంచి ఎత్తైన చోటుకు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలోని సంగమేశ్వరాలయానికీ తరలింపే, అది అలంపురానికి వచ్చింది. కొల్లాపురం వైపు జటప్రోలు, సోమశిల గుళ్లది కూడా ఇదే దారి.

కూడవెల్లి గుడి ముందు నాకు ఎప్పుడూ ఇబ్బందిగా ఉంటుంది. అంత ఎత్తైన జగతి మీద గుడి ఎందుకు నిలబెట్టారు? రెండు నదులు కొట్టుకునే చోట, ఏటా వరద తాకే చోట కట్టారు గనక ఆ ఎత్తు అని నేననుకుంటాను. ఇప్పుడు అదే గుడి పొడి నేల మీద ఉంది. చూడవచ్చిన వాళ్లకు ఆ ఎత్తు దర్పంలా కనబడుతుంది, వరదకు భయపడ్డ శిల్పి ఎత్తుగడలా కనబడదు. సంగమేశ్వరుడని పేరు, కనుచూపు మేరలో సంగమం లేదు. రాళ్లను లెక్కపెట్టి, నంబర్లు వేసి, ఒకటీ తప్పకుండా పేర్చినవాళ్ల నైపుణ్యానికి దండం పెట్టాల్సిందే. కానీ పద్యంలో మాటలన్నీ సరిగ్గా ఉండి ఛందస్సు పోతే ఎట్లా ఉంటుందో ఆ గుడి అట్లా ఉంది. 1960ల్లో ఈజిప్టులో అబూ సింబెల్‌ను తరలించినప్పుడు అరవై అయిదు మీటర్లు పైకి ఎత్తారు, రెండు వందల మీటర్లు వెనక్కి జరిపారు, అయినా విగ్రహాల ముఖం నీటి వైపే ఉంచారు. డబ్బులో, రాజకీయంలో మనకూ వాళ్లకూ పోలిక లేదు, ఒప్పుకుంటాను. ముఖం నీటి వైపు తిప్పడానికి మాత్రం డబ్బుతో పనిలేదు.

ఆ లెక్కన అలంపురం గోడ మీదా నాకు ఫిర్యాదు ఉండాలి. సగం ఉంది. గోడ లేకపోతే ఈ రోజు నవబ్రహ్మలు లేరు, ఆ మాట ముందే చెప్పాలి. కానీ ఈశానాచార్యుడి ప్రాకారం గుడిని తనలో చుట్టుకుంది, మన గోడ నదిని బయట పెట్టింది. రేవు నుంచి గుడికి తడిబట్టలతో నడిచి వచ్చే దారిలో ఇప్పుడు ఎక్కడం, దిగడం ఉన్నాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచినప్పుడు అలంపురంలోకీ నీళ్లు వచ్చాయి, గోడ ఉండీ వచ్చాయి. నదికి అడ్డం కట్టిన ఊరివాళ్లకు దాని తీరు రోజూ కళ్లబడదు, ఒక్కసారిగా ఇంట్లోకి వచ్చినప్పుడే కనబడుతుంది. గోడ మీదికి పొద్దున్నే ఎక్కి నీటిమట్టం చూసుకునే ముసలివాళ్లు ఇంకా ఉన్నారు గనక ఆ తెలివి పూర్తిగా పోలేదు.

ఏలేశ్వరం సంగతి చూడండి. రాయి దాదాపు పోయింది. దొరికిన వాటిలో కొన్ని హైదరాబాద్ మ్యూజియం చేరాయి. ఏలేశ్వరం గురించి చదవాలంటే మోనోగ్రాఫ్ వెతకాలి, చూడాలంటే ఊరే లేదు. అయినా శివరాత్రికి జనం వస్తారు. ఎలా వస్తారు? పడవ మీద. మఠాలు ఉన్న రోజుల్లో ఎలా వచ్చేవాళ్లో అలాగే, నది మీద, గాలికీ అలకూ జంకుతూ, మల్లన్నను తలుచుకుంటూ. అలంపురం యాత్రికుడు బస్సు దిగి గోడ ఇవతల దర్శనం ముగించుకుని మళ్లీ బస్సెక్కవచ్చు, తుంగభద్రను చూడకుండానే. ఏలేశ్వరం యాత్రికుడికి ఆ వీలు లేదు. గుడి పోయినచోట యాత్ర మిగిలింది, గుడి మిగిలినచోట యాత్ర కురచయింది.

ఇది ముంపును సమర్థించడం కాదు. మునిగిన ఊళ్ల నుంచి కదిలిన రైతులకు శివరాత్రి లాంచీ ఓదార్పు అంటే నాలుక కరుచుకోవాలి. నేనంటున్నది విమర్శ వరకే. నది ఒడ్డు ఊరిని అంచనా కట్టేటప్పుడు శిఖరాల సంఖ్య, శిల్పాల నాణ్యం చూస్తాం. నీటికీ గడపకూ మధ్య ఎన్ని అడుగులున్నాయో, ఆ దూరం ఎవరు నిర్ణయించారో కూడా చూడాలి. తరలించిన గుడి పక్కన పెట్టే బోర్డు మీద శతాబ్దం, వంశం రాస్తారు. అది ఎక్కడి నుంచి వచ్చింది, అక్కడ నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చేవి అన్నది కూడా రాయవచ్చు, రెండు వాక్యాల పని.

కూడవెల్లికి దగ్గర్లో, కర్నూలు వైపు ఒడ్డున, సప్తనదుల సంగమేశ్వరం ఏటా మునిగి ఏటా తేలుతుంది. లోపల వేపలింగం. వేసవిలో నీళ్లు తీసినప్పుడు పూజారి బురద కడిగి దీపం పెడతాడు. వానలకు నీళ్లు ఎక్కుతుంటే గర్భగుడిలో చివరి పూజ చేస్తాడు, ఆ తర్వాత పడవలో వచ్చి శిఖరానికే హారతి పడతాడు. నది పెరిగే కొద్దీ పూజ ఒక్కో మెట్టూ పైకి జరుగుతుంది. ఈశానాచార్యుడూ విశ్వేశ్వర శివాచార్యుడూ ఈ తెలుగు నదుల ఒడ్డున నేర్చుకున్న పని కూడా బహుశా అదే.