పాఠంలో పాంపే, నేల మీద పాంపే

బ్రిటన్ బడుల్లో లాటిన్ చదివే పిల్లల్లో చాలామందికి పాంపే నగరం కైకిలియుస్ అనే వ్యాపారి ఇంట్లో మొదలవుతుంది. 1970లో తొలిసారి వెలువడిన కేంబ్రిడ్జ్ లాటిన్ కోర్సు మొదటి పుస్తకం నడిచేది ఆయన కుటుంబం చుట్టూనే. కథ కల్పితం, మనిషి నిజం. లూకియుస్ కైకిలియుస్ యుకుందుస్ ఇల్లు ఇటలీలో ఇప్పటికీ ఉంది. 1875లో ఆ ఇంట్లో ఒక పెట్టెలో, మైనం పూసి రాసిన కొయ్యపలకలు నూట యాభైకి పైగా దొరికాయి. వేలంలో సరుకు ఎంతకు పోయింది, సొమ్ము ఎవరికి ముట్టింది, సాక్షులెవరు అన్నవి వాటిలో ఉన్నాయి.

పాఠంలో ఆయన క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు చనిపోతాడు. పలకల్లోని లెక్కలేమో 62 నాటి భూకంపానికి కాస్త ముందే ఆగిపోతాయి. ఆ భూకంపంలోనే పోయి ఉండవచ్చని కొందరి ఊహ. కథ కోసం పుస్తకం తీసుకున్న ఈ చనువును ముందే చెప్పి పిల్లలను వెంటబెట్టుకెళ్లే ఉపాధ్యాయుడు సగం పని చేసినట్టే.

మిగతా సగం కాళ్లు చేయాలి. ఊరు సుమారు 66 హెక్టార్లు, అందులో మూడో వంతు ఇంకా తవ్వలేదు. వీధి దాటడానికి వేసిన ఎత్తురాళ్లు, వాటి నడుమ బండిచక్రాల గాడి ఏ ఫొటోలోనైనా కనిపిస్తాయి. రాయి ఎంత లోతుకు అరిగిందో పక్కన నిలబడితేనే తెలుస్తుంది. మృతుల ఆకృతుల విషయంలో ఇది తిరగబడుతుంది. బూడిదలో శరీరాలు శిథిలమై మిగిలిన ఖాళీల్లో 1863 నుంచి తవ్వకాల అధికారి జుసెప్పె ఫియొరెల్లి ప్లాస్టర్ పోయించి ఆ ఆకృతులను తీయించాడు. ఈ సంగతి చదవకుండా వెళ్లినవారికి అవి మామూలు బొమ్మలు.

నేల కూడా పాఠాన్ని దిద్దుతుంది. పేలుడు ఆగస్టు 24న జరిగిందని పుస్తకాలు రాస్తూ వచ్చాయి. 2018లో ఒక గోడపై అక్టోబరు 17 తేదీతో బొగ్గురాత బయటపడ్డాక, అది శరత్కాలంలో జరిగిందనే వాదం బలపడింది.

పాంపే చూసి అటునుంచి అటే వెళ్లిపోయే యాత్రలు మాత్రం దండగే. 1748లో తవ్వకాలు మొదలైనప్పటి నుంచీ మేలైన చిత్రాలు, మొజాయిక్‌లు నేపుల్స్ రాజుగారి సేకరణకు తరలిపోయాయి. అలెగ్జాండర్ యుద్ధపు మొజాయిక్ అసలుది నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉంది, పాంపేలో అది దొరికిన ఇంట్లో పరిచినది నకలు. 1938లో పాంపేలో దొరికిన దంతపు స్త్రీమూర్తి ఉన్నదీ ఆ మ్యూజియంలోనే. అది భారతదేశంలో చెక్కినది.