బోర్డు మారింది, సభ పోయింది

బోడుప్పల్ 2016లో పురపాలక సంఘమైంది, 2019లో నగరపాలక సంస్థ అయింది. దీన్ని ఎదుగుదల అనే రాస్తారు. పంచాయతీగా ఉన్నప్పుడు ఓటరు జాబితాలో పేరున్న ప్రతివాళ్లూ గ్రామసభ సభ్యులే. పట్నంలో ఆ సభ లేదు. వార్డు కమిటీలనైనా రాజ్యాంగం తప్పనిసరి చేసింది మూడు లక్షల జనాభా దాటిన చోటే.

సభ ఉన్నచోట బలమెంత? 73వ సవరణ 11వ షెడ్యూలులో 29 అంశాలు చేర్చింది. 243జి అధికరణం మాత్రం వాటిని పంచాయతీ చేతిలో పెట్టలేదు. ఇస్తే ఇవ్వొచ్చని శాసనసభకు వదిలేసింది. తెలంగాణ 2018 చట్టం తండాలనూ గూడేలనూ పంచాయతీలు చేసింది. మేలే. అదే చట్టం నాటిన మొక్క బతక్కపోతే సర్పంచి పదవికే ఎసరు పెట్టింది, సర్పంచిని తొలగించే అధికారం కలెక్టరుకిచ్చింది. బరువు మనకు, పగ్గం వాళ్లకు.

1996 నాటి పెసా తీరు వేరు. గ్రామసభకు ఫలానా అధికారాలు ఉండాల్సిందేనని, వాటికి విరుద్ధంగా రాష్ట్రం చట్టం చేయరాదని అంది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం అందులో ఒకటి. కానీ అది షెడ్యూల్డు ప్రాంతాలకే. పార్లమెంటు చట్టం లేకుండా ఊరిని పట్నం చేయకుండా 243జడ్‌సి అడ్డుపడేదీ అక్కడే. మైదానపు తండాకు పంచాయతీ బోర్డు వచ్చింది, పెసా రాలేదు, ఆ అడ్డూ లేదు. హైదరాబాదు అంచున ఉన్న తండాను రేపు పట్నంలో కలిపితే అడ్డుచెప్పడానికి గ్రామసభకు ఏ అధికరణం ఉంది?