భయమా, ప్రేమా? – యోనా గ్రంథంలో పశ్చాత్తాపం

ఆ మధ్య తులనాత్మక సాహిత్యం తరగతిలో యోనా గ్రంథం పాఠం చెబుతుండగా ఒక విద్యార్థిని లేచి, "యూదుల దేవుడు భయపెట్టే దేవుడనీ, ప్రేమించే దేవుడు ఆ తరవాత వచ్చాడనీ అంటారు కదండీ, ఇందులో కూడా అంతేనా?" అని అడిగింది. ఈ మాట కొన్ని పుస్తకాల్లో కనిపిస్తుంది, చాలామంది నోట వినిపిస్తుంది. ఆ రోజు గంట కొట్టేయడంతో నా సమాధానం సగంలో ఆగిపోయింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ముందు మన మాటతోనే మొదలుపెడదాం. తెలుగులో 'భయభక్తులు' అంటాం. తమిళంలో 'భయభక్తి', కన్నడంలోనూ 'భయభక్తి'. ఆ రెండు భాషలవాళ్ళు దాన్ని ఏకవచనంలో ఒకే భావంగా వాడుతున్నారు. తెలుగు మాత్రం 'తల్లిదండ్రులు', 'అన్నదమ్ములు' లాగా ద్వంద్వసమాసం చేసి బహువచనం తగిలించింది. అంటే భయం ఒకటి, భక్తి ఒకటి, రెండూ పక్కపక్కన నిలబడ్డాయన్నమాట. ఇంట్లో తెలుగు, వీధిలో మరో భాష మాట్లాడే మీవంటి విద్యార్థులకు ఈ తేడా చెవికి వెంటనే తెలుస్తుంది. హెబ్రూలో ఇటువంటి జంటమాట లేదు. 'యిరా' అనే ఒక్క పదమే తుపానుకు వణకడం దగ్గరనుంచి దేవుని ఎదుట చేతులు కట్టుకుని నిలబడడం దాకా అన్నిటికీ సరిపోతుంది. ప్రేమకు 'అహవా' వేరే మాట. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో 5వ వచనం దేవుణ్ణి ప్రేమించమంటుంది, 13వ వచనం ఆయనకు భయపడమంటుంది. రెండు ఆజ్ఞలూ ఎనిమిది వచనాల వ్యవధిలో ఉన్నాయి. కాబట్టి భయం ఒక మతానిది, ప్రేమ మరో మతానిది అని పంచి ఇవ్వడం మూలాన్ని చదవనివారు చేసే పని.

ఇక యోనా. నాలుగు అధ్యాయాలు, 48 వచనాలు ఉన్న చిన్న గ్రంథం. యూదులు దీన్ని ఏడాదికోసారి, యోం కిప్పూర్ అనే ప్రాయశ్చిత్త దినాన మధ్యాహ్నపు ప్రార్థనలో మొత్తం చదువుతారు. కథ మీకు తెలిసిందే. నీనెవె నగరానికి వెళ్ళి హెచ్చరించమని దేవుడు యోనాను పంపితే అతను వ్యతిరేక దిక్కుకు ఓడ ఎక్కుతాడు. తుపాను, చేప, మళ్ళీ ఒడ్డు. రెండోసారి పిలుపు వస్తే వెళ్ళి నలభై రోజుల గడువు ప్రకటిస్తాడు. ఊరంతా గోనె కట్టుకుని ఉపవాసం చేస్తుంది, దేవుడు శిక్ష మానుకుంటాడు, యోనాకు కోపం వస్తుంది.

మొదటి అధ్యాయంలో 'యిరా' ధాతువు ఎలా నడిచిందో చూడండి. 5వ వచనంలో ఓడవాళ్ళు తుపానుకు భయపడతారు. 9వ వచనంలో, నువ్వెవరని అడిగితే యోనా తాను సముద్రాన్నీ నేలనూ చేసిన దేవునికి భయపడేవాణ్ణని చెప్పుకుంటాడు. 10లో ఆ మాట విని ఓడవాళ్ళు ఇంకా పెద్దగా భయపడతారు. 16లో, సముద్రం శాంతించాక, వాళ్ళ భయం యెహోవా వైపు తిరిగి బలి అర్పించడంగా మారుతుంది. నాలుగు చోట్లా ఒకటే ధాతువు. సముద్రానికి భయపడినవాళ్ళు సముద్రాన్ని చేసినవాడికి భయపడే స్థితికి చేరారు. ఇక తాను దైవభీతి గలవాణ్ణని నోటితో చెప్పుకున్నవాడు, ఆ మాట అంటున్న క్షణంలోనే ఆ దేవుని దగ్గరనుంచి పారిపోతున్నాడు! గ్రంథకర్త వ్యంగ్యం ఇక్కడే ఉంది. తెలుగు బైబిలు యోనా నోట 'భయభక్తులు' అని పెట్టి, ఓడవాళ్ళకు ఉత్త 'భయం' మిగిల్చింది. అనువాదం తప్పని అనను, సందర్భార్థం అదే. కాని మూలంలో ఒకే మాట వల్ల పుట్టిన పోలిక తెలుగులో రెండు మాటలై విడిపోయింది. భక్తి ఎవరిదో మనం ముందే తేల్చేసినట్టయింది. మూలం ఆ తీర్పును పాఠకుడికే వదిలిపెట్టింది.

మూడో అధ్యాయంలో 'భయం' అనే మాటే లేదు. కాని నలభై రోజుల గడువు ఉంది కాబట్టి భయం లేదని ఎవరూ అనరు. అక్కడ పదేపదే వినిపించే ధాతువు 'షూవ్' – తిరగడం, తిరిగి రావడం. 8, 9, 10 వచనాల్లో ఇది నాలుగుసార్లు వస్తుంది. రెండుసార్లు మనుషులు చెడుదారి నుంచి తిరగడానికి, రెండుసార్లు దేవుడు కోపం నుంచి తిరుగుతాడేమోనన్న ఆశకు. యూదులు పశ్చాత్తాపాన్ని పిలిచే 'తెషువా' అన్న మాట ఈ ధాతువులోనిదే. మన 'పశ్చాత్తాపం' అంటే పని జరిగాక కలిగే తాపం, మనసులోని మంట. క్రైస్తవ తెలుగులో 'మారుమనస్సు' అన్నారు, అదీ మనసు విషయమే. తెషువా కాళ్ళకు సంబంధించిన మాట. తప్పుదారిన పోయినవాడు వెనక్కి నడవాలి.

యోనా ప్రకటన హెబ్రూలో అయిదే అయిదు మాటలు. అందులో చివరి మాట 'నెహ్పాఖెత్'. దానికి తలకిందులవడం, అంటే నాశనమవడం ఒక అర్థం. పూర్తిగా మారిపోవడం మరో అర్థం. ఈ శ్లేషను బాబిలోను తల్మూద్ సన్హెద్రిన్ భాగంలోనే గుర్తించారు. నీనెవె తిరగబడుతుందని యోనాకు చెప్పారు గాని, మంచికో చెడుకో అతనికి తెలియలేదని అక్కడి వ్యాఖ్య. ఆ లెక్కన జోస్యం అబద్ధం కాలేదు. ఊరు నిజంగానే తలకిందులైంది, యోనా అనుకున్న పద్ధతిలో మాత్రం కాదు.

ప్రాణభయంతో వచ్చిన ఈ మార్పు అసలైనదేనా? రబ్బీలు దీని మీద ఏకాభిప్రాయానికి రాలేదు. అనావృష్టి వచ్చినప్పుడు ఊరి పెద్ద జనానికి చెప్పవలసిన హితవును మిష్నాలో తానిత్ భాగం నమోదు చేసింది. నీనెవె విషయంలో దేవుడు వాళ్ళ గోనెనూ ఉపవాసాన్నీ చూశాడని గ్రంథం చెప్పలేదనీ, వాళ్ళ పనులను చూశాడని చెప్పిందనీ ఆ పెద్ద గుర్తుచేయాలి. బాబిలోను తల్మూద్ ఇంకొంచెం ముందుకు పోయింది. ఎవడైనా దూలం దొంగిలించి దానిమీద భవనం కట్టుకుని ఉంటే, భవనం మొత్తం కూల్చి ఆ దూలాన్ని సొంతదారుకు అప్పగించాడట. యెరూషలేము తల్మూద్ ధోరణి వేరు. నీనెవెవాళ్ళది మోసపు పశ్చాత్తాపమని రేష్ లాకిష్ అంటాడు. దూడలను లోపలా తల్లులను బయటా కట్టి, మా మీద నువ్వు జాలి చూపకపోతే వీటి మీద మేమూ చూపం అని దేవుణ్ణి బెదిరించారట. చేతిలో ఉన్న దొంగసొత్తు తిరిగి ఇచ్చారు గాని, పెట్టెల్లో దాచింది ఇవ్వలేదని రబ్బీ యోహానాన్ మాట. మత్తయి సువార్త 12వ అధ్యాయం నీనెవెవాళ్ళను యూదులకు మేలుబంతిగా చూపి నిలదీస్తుంది కాబట్టి, దానికి జవాబుగా ఈ కటువైన వ్యాఖ్యలు పుట్టాయని కొందరు పరిశోధకుల అభిప్రాయం. అది కొంత నిజం కావచ్చు. అయినా వాదంలో సరుకు ఉంది. పెట్టె తెరవని పశ్చాత్తాపాన్ని మనమూ చాలా చూశాం.

ఈ రేష్ లాకిష్ మాటే యోమా భాగంలో మరో రెండు చోట్ల వస్తుంది. తెషువా వల్ల కావాలని చేసిన పాపాలు పొరపాట్లుగా లెక్కకు వస్తాయని ఒకటి. అవే పాపాలు పుణ్యాలుగా మారతాయని రెండోది. ఒకే మనిషి రెండు విధాలుగా ఎలా అన్నాడు? తల్మూద్ సమన్వయం ఇది: మొదటిది భయంతో తిరిగినవాడి విషయం, రెండోది ప్రేమతో తిరిగినవాడి విషయం. ఈ సమన్వయం రేష్ లాకిష్‌ది కాదు, పేరులేని సంకలనకర్తలది. విద్యార్థులు దీన్ని గుర్తుంచుకోవాలి. భయం పద్దును తగ్గిస్తుంది, ప్రేమ పద్దునే మార్చేస్తుంది. కాని పాపం పుణ్యం కావడమేమిటి? వినడానికి గారడీలా ఉంది. నాకు దీని అర్థం ఆయన జీవితకథ చదివాకనే తెలిసింది.

రేష్ లాకిష్ క్రీ.శ. మూడో శతాబ్దంలో గలిలయ ప్రాంతంవాడు. పూర్వాశ్రమంలో దారిదోపిడీ దొంగ అని బాబిలోను తల్మూద్ కథనం. యొర్దాను నదిలో రబ్బీ యోహానాన్ ఎదురై, ఆ బలాన్ని తోరా చదువుకు పెట్టమన్నాడు. తన చెల్లెలినిచ్చి పెళ్ళి చేసి, చదువు చెప్పి, తనంతటి పండితుణ్ణి చేశాడు. ఒకనాడు చదువుల సభలో కత్తులు, బాకులు, ఈటెల మీద చర్చ వచ్చింది. శుద్ధాశుద్ధ నియమాలకు లోబడాలంటే వస్తువు తయారీ పూర్తి కావాలి. ఆయుధం ఎప్పుడు పూర్తయినట్టు? కొలిమిలో కాల్చినప్పుడు అన్నాడు యోహానాన్. నీళ్ళలో ముంచి పదును పెట్టినప్పుడు అన్నాడు రేష్ లాకిష్. దొంగకు తన పనిముట్లు బాగా తెలుస్తాయి అని యోహానాన్ ఎత్తిపొడిచాడు. ఆ మాటకు తగువు పెరిగింది. రేష్ లాకిష్ మంచం పట్టాడు. చెల్లెలు వచ్చి ఏడ్చినా యోహానాన్ మెత్తబడలేదు. రేష్ లాకిష్ చనిపోయాడు. ఆ తరవాత యోహానాన్ అతని కోసం వెతుక్కుంటూ, మతి చలించి, తానూ పోయాడు.

ఈ కథను గురుశిష్యుల కలహంగానే చదివితే సగం జారిపోతుంది. దొంగతనం రోజుల్లో కత్తి గురించి సంపాదించిన జ్ఞానం ఆ రోజు సభలో ధర్మనిర్ణయానికి పనికొచ్చింది. పాపం పుణ్యంగా మారడం అంటే ఇదే. పాత జీవితాన్ని తుడిచేయలేదు, దాని దిక్కు తిప్పారు. యోహానాన్ కళ్ళెదుట అది జరిగింది, ఆయన దాన్ని చూడకుండా పాతపేరు పెట్టి పిలిచాడు. తిరిగివచ్చినవాడికి అతని గతాన్ని గుర్తుచేయకూడదని మిష్నాలోనే నియమం ఉంది. అది తెలిసినవాడే తప్పాడు. నీనెవె మోసం చేసిందన్న రేష్ లాకిష్‌కు తన మార్పునే ఒకరు శంకించే రోజు వచ్చిందన్నది మరో విషాదం.

పన్నెండో శతాబ్దంలో మైమొనిడీస్ (1138–1204) ఈ చర్చను క్రమబద్ధం చేశాడు. మిష్నే తోరాలో పశ్చాత్తాప నియమాలకు పది అధ్యాయాలు. అదే సందర్భం, అదే అవకాశం మళ్ళీ వచ్చినప్పుడు, భయంవల్లా కాదు, శక్తి ఉడిగీ కాదు, తెషువా వల్లనే తప్పుకున్నవాడిది సంపూర్ణమైన తెషువా అని రెండో అధ్యాయం. శిక్షకు భయపడి, ప్రతిఫలానికి ఆశపడి కొలవడం చదువు ముదరనివారి దశ అనీ, ప్రేమతో కొలవడం గమ్యమనీ పదో అధ్యాయం. అయితే మరో భాగంలో ఆయన సృష్టిని తలచుకుంటే ముందు ప్రేమ పుడుతుందనీ, వెంటనే తన అల్పత్వం తెలిసి మనిషి భయంతో వెనక్కి తగ్గుతాడనీ అంటాడు. ఇక్కడ భయం ప్రేమకు ముందు మెట్టు కాదు, ప్రేమ వెనక వచ్చింది. కాబట్టి భయాలు రెండు: దెబ్బకు భయం, గొప్పతనానికి భయం. తెలుగులో రెండోదానికి దగ్గరి మాట చూడాలంటే 'భయభక్తులు' కన్నా 'జంకు' ఎక్కువ పనికొస్తుందేమో ఆలోచించండి.

పోతన భాగవతం చదివినవారికి సప్తమస్కంధంలో కంసుడు భయంతో, గోపికలు కామంతో, శిశుపాలాదులు వైరంతో హరిని చేరారన్న మాట గుర్తుకు రావచ్చు. పోలిక బాగుంది గాని జాగ్రత్త. అక్కడ భయం మనసును ఎడతెగకుండా దేవుని మీద నిలిపే సాధనం. కంసుడు దారి మార్చుకోలేదు. నీనెవె భయం మనసులో నిలిస్తే చాలదు, చేతిదాకా రావాలి, దొంగసొత్తు సొంతదారుకు చేరాలి. రెండు సంప్రదాయాలూ 'భయం' అంటున్నాయి, పని వేరు.

చివరికి నాలుగో అధ్యాయం. యోనా కోపాన్ని చులకన చేయకూడదు. ఈ గ్రంథం చెర తరవాతి కాలపు రచన అని చాలామంది పండితుల మతం. ఆనాటి పాఠకులకు నీనెవె అంటే క్రీ.పూ. 722 ప్రాంతంలో ఇశ్రాయేలు రాజ్యాన్ని నాశనం చేసిన అష్షూరు రాజధాని. అది క్రీ.పూ. 612లో కూలిందనీ వాళ్ళకు తెలుసు. అటువంటి ఊరిని నలభై రోజుల భయానికి క్షమించడం న్యాయమా అని యోనా అడుగుతున్నాడు. దేవుడు కరుణామయుడని తనకు ముందే తెలుసనీ, అందుకే పారిపోయాననీ అతనే ఒప్పుకుంటాడు. దేవుడు జవాబుగా నీనెవె పశ్చాత్తాపాన్ని మెచ్చుకోడు. వాళ్ళది ప్రేమ అనీ అనడు. ఎడమచెయ్యి కుడిచెయ్యి తెలియని లక్షా ఇరవై వేలమందినీ, పశువులనూ చూపి, నేను జాలిపడకూడదా అని ప్రశ్నిస్తాడు. గ్రంథం ఆ ప్రశ్నతోనే ముగుస్తుంది. 'అహవా' అన్న మాట ఈ 48 వచనాల్లో ఒక్కసారీ లేదు. ప్రేమ గురించి మాట్లాడకుండా ప్రేమను దేవుని వైపునుంచి చూపించడం ఈ రచన గొప్పతనం. మనుషులు భయంతో వచ్చినా ఎదురొచ్చేది జాలి.

రబ్బీలు మెట్లు కట్టి భయాన్ని కింది మెట్టు అన్నారు, సరే. కింది మెట్టు కూడా మెట్టే. దానిమీద కాలు పెట్టినవాణ్ణి తోసేసే అధికారం యోనాకూ యోహానాన్‌కూ లేదన్నది నేను ఈ గ్రంథం నుంచి గ్రహించింది.

పుణెలో చదివేవారు అక్కడి ఎర్రఇటుక ప్రార్థనాలయం 'లాల్ దేవళ్' చూసే ఉంటారు. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకుంటూ యూదాచారాలు పాటించే తెలుగు కుటుంబాలున్నాయి. అంటే ఈ మాటలకు తెలుగు వెతకడం కేవలం తరగతిగది పని కాదు. యోనా మొదటి అధ్యాయం తీసుకుని, 'యిరా' వచ్చిన చోటల్లా ఒకే తెలుగు మాట పెట్టి అనువదించి చూడండి. అది కుదిరితే నాకు పంపండి. కుదరకపోతే ఎక్కడ కుదరలేదో రాసి పంపండి, అది ఇంకా మంచిది.