ఎక్కడానికా, నిలబడడానికా?

రికాబు అరబ్బీలో పుట్టి, పారసీ మీదుగా మనదాకా వచ్చిన మాట. దాని ధాతువుకు అర్థం ఎక్కడం, స్వారీ చేయడం. ఇంగ్లీషు స్టిరప్ కూడా పాత ఇంగ్లీషులో ‘ఎక్కే తాడు’ అనే జంటమాటే. జీనుకు రెండు పక్కలా వేలాడే ఈ ఇనుప కడియానికి మన పాత నిఘంటువుల్లో అంకవన్నె అని పేరుంది. ఎంత చక్కటి మాట! పలికేవాళ్లే కరువయ్యారు.

నాకు మాత్రం ఈ ‘ఎక్కడం’ మీదే పేచీ. ఎక్కే పని క్షణంలో అయిపోతుంది. ఆ తర్వాత స్వారీ అంతా రికాబు మీద కాలు ఆనించి చేసేదే. గుర్రం ట్రాట్ అనే కుదుపు నడక అందుకోగానే దాని అడుగుకు తగ్గట్టు లేవాలి, కూర్చోవాలి. అందుకే నేర్పేవాళ్లు ‘మడమ కిందికి, మడమ కిందికి’ అని నసపెడుతూనే ఉంటారు. పాదం ముందుభాగమే ఆనాలి. మొత్తం దూరిపోయిందా, పడినప్పుడు కాలు ఇరుక్కుని గుర్రం ఈడ్చుకుపోతుంది. స్వారీ బూటుకు ఎత్తు మడమ సోకు కోసం కాదు.

అయినా పేరు పెట్టినవాళ్లను తప్పుపట్టలేం. చైనాలోని చాంగ్‌షాలో క్రీ.శ. 302 నాటి సమాధిలో దొరికిన మట్టిబొమ్మల్లో గుర్రానికి ఎడమవైపే, పొట్టిగా, ఒక్కటే రికాబు. అది ఎక్కడానికే; ఎక్కాక కాలు అందులో ఉండదు. నాన్‌జింగ్ దగ్గరి 322 నాటి సమాధి బొమ్మకు వచ్చేసరికి రెండు పక్కలా కనిపిస్తాయి. 415లో చనిపోయిన ఫెంగ్ సూఫు అనే చైనా ప్రముఖుడి సమాధిలోనైతే అసలు జతే దొరికింది: మల్బరీ కర్రతో చేసి, బంగారుపూత కంచు రేకు తొడిగినవి.

ప్రాచీన రోమన్లకు రికాబూ లేదు, దానికి మాటా లేదు. చాలా తర్వాతి లాటిన్‌లో వచ్చిన స్టేపీస్ అనే పదం ‘నిలబడడం’, ‘పాదం’ కలిపి అల్లినదని అంటారు. మన చెవి లోపల, అచ్చం రికాబు ఆకారంలో ఉండే ఎముకకు వైద్యులు పెట్టుకున్న పేరు అదే. ఒంట్లో అంతకన్నా చిన్న ఎముక లేదు. నా ఓటు లాటిన్ వాళ్లకే.

ఇప్పుడు చాలా స్వారీ బడుల్లో నేల మీంచి రికాబు పట్టుకుని ఎగబాకనివ్వరు. బరువంతా ఎడమపక్కే పడితే జీను జారుతుంది, గుర్రం నడుముకు చేటు. పక్కన మెట్టుపీట వేసి ఎక్కిస్తారు.