కండ పెరిగితే షుగర్ తగ్గాలి కదా!

మిర్యాలగూడ సాగర్ రోడ్డులో చాయ్ తాగుతుంటే, జిమ్ముకు పోయే పిల్లవాడొకడు ఈ వారం నా పక్కన కూర్చున్నాడు. "అన్నం మానేసిన సార్, షుగర్ వస్తదని భయం" అన్నాడు. కండ కోసం మగ హార్మోన్ గోళీలు వాడిన సంగతీ ఆ వెంటనే చెప్పాడు. "కండ పెరిగితే షుగర్ తగ్గాలె కద సార్?" అని అడిగాడు.

న్యాయమైన ప్రశ్నే. నేరం బియ్యానిది కాదు, పని లేని కండది అని నేనెప్పుడూ అనేదే. నా చిన్నప్పుడు ఇక్కడి రైస్ మిల్లుల్లో హమాలీలు పొద్దంతా వడ్ల బస్తాలు మోసేవాళ్లు. మధ్యాహ్నం మిల్లు నీడన సద్ది విప్పితే గిన్నె నిండా అన్నం, పచ్చిపులుసు, ఓ ఉల్లిగడ్డ. చెయ్యి కడుక్కుని మళ్లీ బస్తా వీపుకెత్తుకునేవాళ్లు. తిన్న అన్నంలోని చక్కెరను ఇన్సులిన్ ఎక్కువగా చేర్చేది కండకే. పనిలో ఉన్న కండైతే ఇన్సులిన్ సాయం లేకుండానే కొంత లాక్కుంటుంది.

గోళీలతో పెంచిన కండ దారి వేరు. 1987లో వెలువడిన దక్షిణాఫ్రికా పరిశోధనలో పవర్‌లిఫ్టర్లను పరీక్షిస్తే, ఇలాంటి హార్మోన్ మందులు, అంటే స్టెరాయిడ్లు వాడేవాళ్లకు గ్లూకోజ్ తాగాక ఇన్సులిన్ ఎక్కువ ఊరినా చక్కెర సరిగా దిగలేదు. మందు మానేసినవాళ్లలో సైతం ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని 2017లో డెన్మార్క్ పరిశోధకులు చూపారు. హార్మోన్ బయటినుంచి వస్తుంటే వృషణాలు దాన్ని తయారుచేయడం తగ్గిస్తాయి. మందు ఆపాక సొంత మగ హార్మోన్, అంటే టెస్టోస్టిరాన్ పడిపోతుంది. ఆ లోటు కూడా షుగర్‌కు దారి తీయవచ్చు.

అయితే ఈ మందులన్నీ విషమే అనడానికి నాకు మనసొప్పడం లేదు. 2021లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధనలో బరువెక్కి, టెస్టోస్టిరాన్ తగ్గిన 1,007 మంది మగవాళ్లకు ఆహార, వ్యాయామ నియమాలు పెట్టి, సగం మందికి ఆ హార్మోన్ సూదులు, మిగతావాళ్లకు మందు లేని సూదులు ఇచ్చారు. రెండేళ్లకు షుగర్ ఉన్నవాళ్లు మందు లేని జట్టులో 21 శాతం, మందు జట్టులో 12 శాతం. అయితే డాక్టర్లు కనిపెట్టుకుని ఉన్నా, మందు తీసుకున్నవాళ్లలో ఐదుగురిలో ఒకరికి పైగా రక్తం చిక్కబడింది.

కాబట్టి పరీక్షలు చూసి డాక్టరు రాసిన సూదిని నా మాట విని ఎవరూ ఆపకండి. చాటుగా గోళీలు వాడిన పిల్లలు పరగడుపు షుగర్ బాగుందని ఊరుకోవద్దు. గ్లూకోజ్ తాగాక రెండు గంటలకు చేసే పరీక్ష, టెస్టోస్టిరాన్, లివర్ పరీక్షల గురించి డాక్టరును అడగండి. వాడిన మందు పేరు దాచకండి. చెప్పినందుకు తిట్టి పంపితే, వినే డాక్టరు దగ్గరికి వెళ్లండి.